గ్రేప్ టమాట, చెరకు: రెండు పంటల పెంపకం, వాడకం – కేసముద్రం నేల మీద ఒక పోలిక

కేసముద్రం మార్కెట్ యార్డు అంటే మిర్చి, పసుపు, మక్కలు, వడ్లు, పత్తి. కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఉన్న ఈ ఊరు 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. చుట్టుపక్కల రైతులు మాత్రం ఇప్పటికీ మానుకోట అనే అంటారు. ఇక్కడి అడ్తిదారులకు, దడ్వాయిలకు, హమాలీలకు చెరకుతో పని లేదు, టమాటతోనూ పెద్దగా పని లేదు. చెరకు అయితే నేరుగా ఫ్యాక్టరీకో గానుగకో పోవాలి. టమాట అయితే తెల్లారేసరికి కూరగాయల మార్కెట్లో ఉండాలి. రెండూ యార్డులో కుప్ప పోసి నాలుగు రోజులు ధర కోసం ఎదురు చూసే సరుకులు కావు.

అయినా ఈ రెండు పంటల గురించి అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. దానికి కారణం మిర్చి. 2021-22లో కొత్త రకం తామర పురుగు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల మిర్చి తోటల్లో పూతను తినేసింది. చాలామంది తోటలు దున్నేశారు. అప్పటి నుంచి బోరు కింద ఎకరం, రెండెకరాలు ఉన్న రైతు "మిర్చి కాకుంటే ఇంకేం వేద్దాం?" అని చూస్తున్నాడు. ఒకరు ఆయిల్ పామ్ అంటారు, ఒకరు చెరకు అంటారు, పట్నంలో సూపర్ మార్కెట్ చూసి వచ్చిన పిలగాడు డబ్బాలో పెట్టి అమ్మే చిన్న టమాట అంటాడు. చెరకుకూ గ్రేప్ టమాటకూ పోలికేంటి అని నవ్వొచ్చు గానీ, రెండూ ఒక రకంగా తీపి అమ్మే పంటలే. ఒకటి తీపిని కాండంలో దాస్తుంది, ఇంకోటి పండులో. ఆ ఒక్క తేడాతోనే మిగతావన్నీ మారిపోతాయి.

పేరు, పుట్టుక

చెరకు గడ్డి జాతి మొక్క. వరి, మక్క, జొన్నలకు చుట్టం. లావు చెరకు మొదట న్యూగినీ దీవిలో సాగైందని శాస్త్రవేత్తలు చెబుతారు. రసాన్ని కాచి గట్టి పలుకులుగా చేసే విద్య మాత్రం మన ఉపఖండానిదే. సంస్కృతంలోని శర్కర ఫార్సీలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, అక్కడి నుంచి యూరప్‌కు పోయి షుగర్ అయింది. ఉర్దూలో గన్నా, గుడ్, షక్కర్ అన్నా, తెలుగులో చెరకు, బెల్లం, చక్కెర అన్నా సరుకు ఒకటే. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పక్కన వెలిసిన బస్తీ పేరు శక్కర్‌నగర్. ఊరి పేరులోనే రెండు భాషల తీపి ఉంది.

టమాట కథ వేరు. దాని అడవి మొక్క దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ప్రాంతానిది, దాన్ని కూరగాయగా పెంచింది మెక్సికో వాళ్లు. పోర్చుగీసు వాళ్లతో మన దేశానికి వచ్చింది. అందుకే మన పాత వంటల్లో పులుపు అంటే చింతపండే, టమాట కాదు. పాత తెలుగులో దీన్ని రామములగ అన్నారు, చిత్తూరు వైపు తక్కాళి అంటారు, ఉర్దూలో టమాటర్. వంకాయ, మిర్చి, ఆలుగడ్డ, పొగాకు – ఇవన్నీ దీని కుటుంబమే. ఈ చుట్టరికం తర్వాత మళ్లీ పనికొస్తుంది, గుర్తు పెట్టుకోవాలి.

గ్రేప్ టమాట అంటే ద్రాక్ష పండు ఆకారంలో, కోలగా, చిన్నగా ఉండే రకం. గుండ్రంగా ఉండే చెర్రీ టమాటకు దగ్గరి బంధువు. తూర్పు ఆసియాలో విత్తన సంస్థలు తయారు చేసిన రకాలు 1990లలో అమెరికా మార్కెట్‌కు పోయి పేరు తెచ్చుకున్నాయి. చెర్రీ టమాట కన్నా తోలు మందం, లోపల రసం తక్కువ. కొరికితే చొక్కా మీద చిమ్మదు, దూర ప్రయాణంలో తొందరగా పగలదు. దీని వ్యాపారమంతా ఈ రెండు గుణాల మీదే నిలబడింది.

ఒకటి ముచ్చె, ఒకటి విత్తనం

చెరకు నాటడానికి విత్తనం వాడరు. గడను ముక్కలు చేసి నాటుతారు. వాటినే ముచ్చెలు అంటారు. ప్రతి కణుపు దగ్గర ఒక కన్ను ఉంటుంది, ఆ కన్ను నుంచే మొలక వస్తుంది. పాత పద్ధతిలో మూడు కళ్ల ముచ్చెలు ఎకరానికి 16 వేల దాకా పడతాయి. అంటే దాదాపు నాలుగు టన్నుల చెరకు విత్తనంగానే మట్టిలోకి పోతుంది. ఈ ఖర్చు తగ్గించడానికే ఒంటి కన్ను ముక్కలను ప్లాస్టిక్ ట్రేలలో పెంచి, నెల రోజుల మొక్కలను నాటే పద్ధతి వచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ప్రపంచ వన్యప్రాణి నిధి కలిసి 2009 ప్రాంతంలో దీన్ని రైతుల్లోకి తెచ్చాయి. ఐదు అడుగుల సాళ్లు, మొక్కకూ మొక్కకూ రెండు అడుగులు పెడితే ఎకరానికి నాలుగున్నర వేల మొక్కల లోపే సరిపోతాయి.

కన్ను నుంచి వచ్చే మొక్క తల్లి గడకు అచ్చు నకలు. ఒక మంచి రకం దొరికితే ఏళ్ల తరబడి అదే రకం, అదే గుణం. కానీ తల్లికి ఉన్న రోగం కూడా పిల్లకు వస్తుంది. ఎర్రకుళ్లు, కాటుక తెగులు, గడ్డిదుబ్బు తెగులు ఊరి నుంచి ఊరికి పోయేది ఎక్కువగా ముచ్చెల వల్లే. పక్క తోటలో చవకగా వస్తున్నాయని ముచ్చెలు తెచ్చుకుంటే రోగాన్ని కూడా డబ్బిచ్చి కొన్నట్టే. గడ్డిదుబ్బు తెగులుకు ముచ్చెలను 52 డిగ్రీల వేడి నీళ్లలో అరగంట ఉంచి నాటాలని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. కొత్త రకాల కోసం మాత్రం నిజమైన విత్తనం కావాలి. ఆ పని చేసేందుకే 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం పెట్టారు. రకాల పేర్ల ముందు కనిపించే "కో" అనే అక్షరం కోయంబత్తూరుదే. తెలుగు నేల మీద అనకాపల్లి, తెలంగాణలో నిజామాబాద్ వైపు రుద్రూరు చెరకు పరిశోధనకు పేరున్న చోట్లు.

గ్రేప్ టమాటకు ఇది పూర్తిగా తలకిందులు. ఎక్కువ భాగం హైబ్రిడ్ విత్తనమే, గింజల లెక్కన అమ్ముతారు. ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, గుంతకొక గింజ వేసి, 25 నుంచి 30 రోజుల నారు నాటుతారు. ఆ తోటలో కాసిన పండు నుంచి గింజ తీసి మళ్లీ వేస్తే మొలుస్తుంది, కాస్తుంది కూడా. కానీ ఒక మొక్కకు కోల పండు, ఒక దానికి గుండ్రటి పండు, ఒకటి తీపి, ఒకటి చప్పన. పెరట్లో అయితే ఫరవా లేదు, డబ్బాలో పెట్టి అమ్మేవాడికి పనికిరాదు. అంటే ప్రతి పంటకూ విత్తనం కొనాల్సిందే.

పెరిగే తీరు

చెరకు జనవరి, ఫిబ్రవరిలో పెడితే మొలకకు మూడు నాలుగు వారాలు, పిలకలకు నాలుగో నెల దాకా, ఆ తర్వాత తొమ్మిదో నెల దాకా గడ సాగడం, చివరి మూడు నెలలు పక్వానికి రావడం. మొత్తం పది నుంచి పన్నెండు నెలలు. మధ్యలో మట్టి ఎగదోయాలి. గడ పడిపోకుండా ఆకులతో జడ చుట్టాలి. ఒకసారి నరికాక మొదళ్ల నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. అది కార్శి తోట. దానికి ముచ్చెల ఖర్చు, దుక్కి ఖర్చు ఉండవు, ఒక నెల ముందే కోతకొస్తుంది. మొక్క తోటలో పెట్టిన డబ్బు చాలామందికి కార్శిలోనే తిరిగి వస్తుంది. అందుకని చెరకు లెక్క ఒక ఏడాదితో తేలదు, రెండు మూడేళ్లది కలిపి చూసుకోవాలి.

మామూలు టమాట కొంత ఎత్తు పెరిగి, పొదలా ఆగిపోయి, ఒక్కసారిగా కాపు ఇస్తుంది. గ్రేప్ టమాట రకాలు ఎక్కువగా తీగలా సాగుతూనే ఉంటాయి. నాటిన 60, 70 రోజులకు మొదటి గుత్తి పండుతుంది. పైన కొత్త గుత్తి వస్తూనే ఉంటుంది, కింద కోస్తూనే ఉండాలి. పైనుంచి దారం కట్టి మొక్కను దాని మీదికి ఎక్కిస్తారు. ఆకుకూ కాండానికీ మధ్య వచ్చే పిల్ల కొమ్మలను వారం వారం తుంచి, ఒకటి రెండు కాండాలే ఉంచుతారు. తుంచడం రెండు వారాలు మరిస్తే తోట అడవైపోతుంది, పండు సైజు తగ్గుతుంది. పాలీహౌస్ లోపల గాలి ఆడదు కాబట్టి పూత మీద పుప్పొడి రాలడానికి దారాలను తట్టడమో, బ్లోయర్‌తో గాలి కొట్టడమో చేయాలి. చెరకు తోటకు పని కొన్ని రోజులు గట్టిగా ఉంటుంది, తర్వాత నెలలు ఊరట. గ్రేప్ టమాటకు రోజూ ఒకరిద్దరు మనుషులు కావాలి. కైకిలి దొరకని ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

నీళ్లు, ఎండ, వరద

చెరకుకు పంట కాలం మొత్తానికి 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల నీరు కావాలి. టమాటకు 400 నుంచి 600 చాలు. అంటే ఒక ఎకరం చెరకు తాగే నీళ్లతో మూడు నాలుగు ఎకరాల టమాట పండుతుంది. చెరకు ఏడాదంతా పొలంలో ఉంటుంది కాబట్టి లెక్క అంత తిన్నగా ఉండదన్న మాట నిజమే. కానీ కేసముద్రంలో అసలు ఇబ్బంది ఏడాది మొత్తం నీళ్లు కాదు, ఏప్రిల్, మే నెలల నీళ్లు. ఎస్సారెస్పీ రెండో దశ కాలువల్లో ఆ నెలల్లో నీరు నమ్మకం కాదు, బోర్లు దిగిపోతాయి. సరిగ్గా అప్పుడే చెరకు పిలకలు వేసే దశలో ఉంటుంది. ఆ రెండు నెలలు ఆగి ఆగి పోసే బోరు మీద చెరకు పెట్టడం అంటే గడల సంఖ్యను ముందే తగ్గించుకోవడం. డ్రిప్ పెడితే నీళ్లు బాగా ఆదా అవుతాయి, ఎరువు కూడా అందులోనే పోవచ్చు.

ఎండ మాట వేరే. చెరకు ఎండను ఇష్టపడే మొక్క. మండే వేసవిలో కూడా, నీళ్లుంటే చాలు, ఆకు పని ఆపదు. మక్క, జొన్నల్లాగే దీనిది తక్కువ నీటితో ఎక్కువ పిండి పదార్థం చేసే సీ-4 రకం ఆకు. ఇంత నీళ్లు తాగే పంటకు ఈ మాట వింతగా అనిపిస్తుంది గానీ, అది ఒక్కో చుక్కకు చేసే బరువు కూడా ఎక్కువే. టమాట అలా కాదు. పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పాడై పూత రాలిపోతుంది. 30, 32 డిగ్రీలు దాటితే ఎరుపు రంగు ఇచ్చే లైకోపీన్ సరిగ్గా తయారవక పండు పసుపు, నారింజ రంగులోనే ఆగుతుంది. మానుకోట వైపు మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడ బయటి పొలంలో టమాటకు యాసంగే అసలు కాలం. చలికాలంలో అందరి తోటలూ ఒక్కసారే కాసి ధర పడిపోతుంది. వేసవిలో ఎవరి తోటా కాయక జూన్, జులైలో ధర పెరుగుతుంది. పాలీహౌస్, షేడ్‌నెట్ వేసేది ఈ ఎదురు కాలంలో కాయించడానికే. పాలీహౌస్ ఉన్నంత మాత్రాన వేడి తగ్గదు, గాలి బయటికి పోయే దారి లేకపోతే లోపల బయటికన్నా వేడెక్కుతుంది.

ఇక వరద. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయాయి. విజయవాడ వైపు రైళ్లు ఆగిపోయి, మూడు నాలుగు రోజులకు గానీ దారి కుదరలేదు. అలాంటి నీళ్లు టమాట తోటలో ఒకటి రెండు రోజులు నిలిస్తే వేర్లకు గాలి అందక మొక్క వాడిపోతుంది, మిగిలింది వడలు తెగులుకు పోతుంది. ఎదిగిన చెరకు అదే నీళ్లలో కొన్ని రోజులు నిలబడుతుంది. గాలికి పడిపోతే దిగుబడి, తీపి తగ్గుతాయి గానీ తోట చావదు.

పురుగు, తెగులు, కోతి

మిర్చి పోయిందని అదే మడిలో టమాట వేయడం చాలామంది చేసే పని. ఇక్కడే ఆ చుట్టరికం గుర్తుకు రావాలి. మిర్చీ టమాటా ఒకే కుటుంబం. మట్టిలో ఉండే వడలు తెగులు, వేర్లకు ముడులు కట్టే నులిపురుగులు రెండింటికీ వస్తాయి. తామర పురుగులు, తెల్లదోమలు, అవి మోసే వైరస్‌లు ఒక తోట నుంచి ఇంకో తోటకు సులువుగా మారతాయి. ఆకుముడత వచ్చిన మిర్చి పక్కన గ్రేప్ టమాట పెడితే రోగానికి ఇంకో ఇల్లు కట్టి ఇచ్చినట్టు. ఇది చాలదన్నట్టు 2014లో దేశంలోకి వచ్చిన ఊజీ లాంటి చిన్న టమాట పురుగు, ట్యూటా, ఆకును లోపల నుంచి తొలిచి కాయలోకి దూరుతుంది. వడలు, ఆకుముడత, ఆకుమాడు మూడింటినీ తట్టుకునే అర్క రక్షక్ లాంటి హైబ్రిడ్‌లను బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చింది కానీ అది పెద్ద టమాట. గ్రేప్ రకం కొనేటప్పుడు ఏ తెగులును తట్టుకుంటుందో ప్యాకెట్ మీద చూసుకోవాలి, రంగు బొమ్మ కాదు.

చెరకు గడ్డి జాతి కాబట్టి మిర్చి రోగాలు చాలావరకు దాన్ని పట్టవు. మిర్చి నేలకు రెండేళ్లు విశ్రాంతి ఇచ్చినట్టు కూడా అవుతుంది. దాని శత్రువులు వేరు. మొదటి మూడు నెలల్లో పీక పురుగు, తర్వాత కాటుక తెగులు, ఎర్రకుళ్లు. గడను చీల్చి చూస్తే లోపల ఎర్రగా, మధ్య మధ్య తెల్ల మచ్చలు, పులిసిన కల్లు వాసన – అది ఎర్రకుళ్లు. అలాంటి దుబ్బును తీసి కాల్చేయాలి, ఆ తోటను కార్శికి వదలొద్దు.

పుస్తకాల్లో రాయని శత్రువులు ఇంకో ఇద్దరున్నారు. టమాటకు కోతి, చెరకుకు అడవి పంది. కోతుల బెడద వల్ల తెలంగాణ ఊళ్లలో ఎంతమంది కూరగాయలు మానేశారో ఎవరిని అడిగినా చెబుతారు. చుట్టూ వల ఉన్న పాలీహౌస్‌కు ఈ ఒక్క విషయంలో మాత్రం మంచి మార్కులే పడతాయి.

కోశాక ఎంత సేపు?

చూడ్డానికి చెరకు కర్రలా గట్టిగా ఉంటుంది, టమాట నీళ్ల సంచిలా మెత్తగా ఉంటుంది. ఏది ముందు చెడిపోతుంది అంటే అందరూ టమాటే అంటారు. కానీ చెరకు నరికిన క్షణం నుంచే గడలోని చక్కెర విరిగిపోవడం మొదలవుతుంది. 24 గంటల్లో ఆడించాలనేది అందుకే. రెండు మూడు రోజులు ఎండలో బండి మీద ఉంటే బరువూ పోతుంది, తీపీ పోతుంది. టమాట కోశాక కూడా పండుతుంది. కొద్దిగా రంగు తిరిగినప్పుడు కోసి బాక్సుల్లో పెడితే దారిలోనే ఎరుపెక్కుతుంది. గ్రేప్ టమాటను మాత్రం తీపి కోసం కొంటారు కాబట్టి చెట్టు మీదే బాగా పండనిచ్చి కోయడం మేలు. తోలు మందం ఉంది కనుక అది మామూలు పండు కన్నా ఎక్కువ రోజులు ఆగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే వాసన, రుచి తగ్గుతాయి, చల్లటి నీడలో ఉంచితే చాలు.

తీపిని కొలిచే పరికరం రెండింటికీ ఒకటే. జేబులో పట్టే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క రసం వేసి బ్రిక్స్ చూస్తారు. మామూలు టమాట 4, 5 చూపిస్తుంది, మంచి గ్రేప్ టమాట 8 నుంచి 10, పక్వానికొచ్చిన చెరకు 18 నుంచి 22. అయితే టమాటలోని తీపి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లది, పైగా పులుపు తోడు ఉంటుంది. చెరకుది దాదాపు అంతా సుక్రోజ్. అందుకే దాన్ని గట్టి పలుకుగా, అచ్చుగా మార్చి ఏడాది దాచగలరు. టమాట నుంచి ఎవరూ చక్కెర తీయరు.

ధర ఎవరు చెబుతారు?

ఇక్కడ రెండు పంటలూ పూర్తిగా వేరు దారుల్లో పోతాయి. చెరకుకు కేంద్రం ఏటా న్యాయ, ప్రోత్సాహక ధర ప్రకటిస్తుంది. 2025-26 సీజన్‌కు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. రికవరీ 9.5 శాతం కన్నా తక్కువున్నా 329 రూపాయల 5 పైసలకు తగ్గకూడదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బు కట్టాలి, లేకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఎకరానికి 35 టన్నులు పండితే 355 లెక్కన 1,24,250 రూపాయలు. నరికే కూలి, రవాణా, ఎరువు అందులోంచే పోవాలి. తక్కువే, కానీ ముందే తెలిసిన లెక్క.

ఇబ్బంది ఏంటంటే ఈ చట్టం ఫ్యాక్టరీ ఉన్నచోటే పని చేస్తుంది. 1937లో నిజాం కాలంలో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ దగ్గర ముంబోజిపల్లి – మూడు యూనిట్లూ మూతపడ్డాయి. చట్టంలో ధర అలాగే ఉంది, తూకం వేసేవాడే లేడు. అక్కడి రైతులు కొందరు దూరపు ఫ్యాక్టరీలకు లారీలు కట్టారు, చాలామంది వరికి, సోయాకు, పసుపుకు మారారు. కేసముద్రానికి కూడా కూతవేటు దూరంలో ఫ్యాక్టరీ లేదు, ఖమ్మం జిల్లా వైపు చూడాల్సిందే. లారీ కిరాయి, 24 గంటల గడువు కలిపి చూస్తే, ఒప్పందం లేకుండా ఇక్కడ చెరకు పెట్టడం తెలివైన పని కాదు. గానుగ పెట్టి బెల్లం చేసుకునేవాడికి మాత్రం దారి ఉంది. పది టన్నుల చెరకుకు దాదాపు ఒక టన్ను బెల్లం వస్తుంది.

టమాటకు మద్దతు ధరే లేదు. 2018-19 బడ్జెట్‌లో టమాట, ఉల్లి, ఆలుగడ్డల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. 2023 జులైలో టమాట కిలో 200 రూపాయలు దాటి, కేంద్రం రాయితీ మీద అమ్మాల్సి వచ్చింది. మదనపల్లె లాంటి పెద్ద మార్కెట్ దగ్గరున్న రైతుకు ఆ నెల పండుగ. అదే పంట వేరే ఏడాదుల్లో పత్తికొండలో కిలో రూపాయికి పడిపోతే రోడ్డు మీద పారబోశారు. ఎకరానికి 12 టన్నులు పండిందనుకుంటే, కిలో 20 అయితే 2,40,000 రూపాయలు. కిలో 2 అయితే 24,000, తెంపిన కూలికీ చాలదు. చెరకు రైతుకు డబ్బు ఎప్పుడొస్తుందన్నది దిగులు, టమాట రైతుకు ఎంతొస్తుందన్నది దిగులు.

గ్రేప్ టమాట ధర ఇంత ఊగదు, ఎందుకంటే దాన్ని కొనేది వంటింటి కోసం కాదు. హోటళ్లు, సూపర్ మార్కెట్లు, సలాడ్ తినే ఇళ్లు. వరంగల్ లక్ష్మీపురం కూరగాయల మార్కెట్లో పెద్ద టమాట బాక్సులు ఎన్ని పోసినా వేలం పాడేవాడుంటాడు. అదే చోట గ్రేప్ టమాట పోస్తే "ఇదేంది, కాయ ఎదగలేదా?" అంటారు. హైదరాబాద్‌లో కొనేవాడు ముందే మాటిచ్చి, వారానికి ఇన్ని డబ్బాలని చెప్తేనే ఈ పంట. అంటే చెరకుకు ఫ్యాక్టరీ ఎలాగో, దీనికి కొనుగోలుదారు అలాగ. ఇది ఎకరాల పంట కాదు, గుంటల పంట. తెలియనివాడు మొదటిసారే పాలీహౌస్ అప్పు చేయకుండా, యాసంగిలో రెండు మూడు సాళ్లు దారాల మీద పెంచి చూసుకోవడం మంచిది.

వంటింట్లో, జాతరలో

మన వంటకు పెద్ద టమాటే సరి. పప్పు, పచ్చడి, తొక్కు, హైదరాబాదీల ఇళ్లలో టమాటే కా కట్ – వీటికి రసం, పులుపు కావాలి. గ్రేప్ టమాటతో కట్ చేస్తే తీపి ఎక్కువై, తోలు పళ్లకు తగులుతుంది, డబ్బు కూడా దండగ. అది పచ్చిగా తినడానికి, పిల్లల టిఫిన్ డబ్బాకు, మధ్యకు కోసి ఎండబెట్టి ఒరుగులు చేయడానికి బాగుంటుంది. టమాటలోని లైకోపీన్ ఒంటికి బాగా అందాలంటే కాస్త నూనెతో ఉడికించాలి. ఆ లెక్కన అమ్మమ్మ చేసిన టమాట కూర సలాడ్ కన్నా ఒక మెట్టు పైనే.

చెరకులో ఏదీ వృథా కాదు. రసం బండి మీద గన్నే కా రస్‌గా, అల్లం, నిమ్మకాయతో అమ్ముడుపోతుంది. నిమ్మరసం రుచికే కాదు, రసం నల్లబడకుండా కూడా ఆపుతుంది. పిప్పి బాయిలర్‌కు, కాగితానికి పోతుంది. చక్కెర తీశాక మిగిలే మడ్డి నుంచి ఆల్కహాల్, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ వస్తాయి. గానుగ దగ్గర రసాన్ని కాస్తూ, సున్నం నీళ్లు, బెండ జిగురుతో మడ్డిని పైకి తేల్చి తీసేస్తారు. పాకం 118 డిగ్రీల దగ్గరికి వచ్చాక అచ్చుల్లో పోస్తారు. బాగా తెల్లగా మెరిసే బెల్లం చూసి మోసపోవద్దు. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే మందు వేస్తారు, బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 70 మించకూడదని నియమం. గోధుమ రంగు బెల్లమే నయం. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం చక్కెర అయినా బెల్లం అయినా తేడా పెద్దగా లేదు.

ఉమ్మడి వరంగల్‌లో బెల్లానికి ఇంకో పేరుంది – బంగారం. రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క సారలమ్మ జాతరలో మనిషి బరువుకు తూచి మొక్కు చెల్లించే నిలువెత్తు బంగారం ఇదే. జాతర ముందు ఈ జిల్లాల కిరాణా దుకాణాల్లో బెల్లం దిమ్మెలు కుప్పలు పడతాయి. అదే బెల్లం నల్లగా ఉంటే కథ మారుతుంది. నల్లబెల్లం, పటిక కలిపి కాచే గుడుంబా మానుకోట వైపు తండాల్లో, ఊళ్లలో ఎన్నో కుటుంబాలను తినేసింది. 2015లో ప్రభుత్వం గుడుంబా మీద గట్టిగా పడ్డాక నల్లబెల్లం లారీలను పట్టుకోవడం ఎక్సైజ్ వాళ్లకు రోజువారీ పనైంది. ఇప్పటికీ ఈ ప్రాంతంలో క్వింటాళ్ల కొద్దీ బెల్లం కొంటే ఎందుకని అడిగేవాళ్లుంటారు, జాతర రోజుల్లో కొనేవారి ఆధార్ వివరాలు రాసుకున్న సందర్భాలూ ఉన్నాయి. కేసముద్రం దగ్గర గానుగ పెట్టాలనుకునే రైతు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. పాకం మాడకుండా తీసిన లేత రంగు దిమ్మె, బిల్లు పుస్తకం, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉంటే దారిలో లారీ ఆగినా సరుకు ఆగదు.